అడుగుజాడ పడని యాత్ర

ఒట్మార్ హెంగ్‌స్ట్లర్ ముప్పై ఒక్క ఏళ్ళు జర్మనీలోని ఫ్రైబుర్గ్ ఊళ్ళో చెత్తడబ్బాల మూతలెత్తి చూశాడు. అదే ఆయన ఉద్యోగం. ఏ డబ్బాలో ఏం వేయాలో జనానికి నేర్పడం, నేర్చుకోనివాళ్ళ డబ్బాకు పసుపు చీటీ అంటించడం. చీటీ మీద అచ్చేసిన మాటలు చాలవనిపించి కింద తన చేత్తో రెండు ముక్కలు కలిపేవాడు. "టీ సంచి గోధుమరంగు తడిచెత్త డబ్బాలోకే వెళ్ళాలి, నిజమే. దానికున్న పిన్ను మాత్రం వెళ్ళకూడదు" వంటివి. ఆయన మొహం తెలియనివాళ్ళు ఊళ్ళో ఉండొచ్చు గానీ ఆ చేతిరాత తెలియనివాళ్ళు తక్కువ.

పదవీ విరమణ నాడు ఆఫీసువాళ్ళు గుడ్డమీద అచ్చేసిన యూరప్ పటమొకటి, డబ్బాడు రంగు గుండుసూదులు ఇచ్చారు. "ఇన్నాళ్ళూ కిందికి చూశావు ఒట్మార్, ఇక తలెత్తి చుట్టూ చూడు" అన్నాడు పై అధికారి. అందరూ నవ్వారు. ఒట్మార్ నవ్వలేదు. ఆ మాట ఆయన మనసులో దిగబడింది. ఇంటికొచ్చి పటాన్ని వంటింటి గోడకు కొట్టి, ఆ సాయంత్రమే పదకొండు ఊళ్ళకు సూదులు గుచ్చాడు.

ఆయన భార్య రోస్‌వీటా వినికిడి యంత్రాల దుకాణంలో ముప్పై ఏళ్ళు పనిచేసిన మనిషి. వినపడకపోవడం వేరు, వినకపోవడం వేరని ఆమెకు బాగా తెలుసు. అందుకని "ఎప్పుడు బయల్దేరుతున్నాం?" అని ఒక్కసారే అడిగింది.

"ముందు ప్రణాళిక కావాలి" అన్నాడు ఒట్మార్.

వాళ్ళుండేది కార్లు లేని వాడలో, నలభై కుటుంబాల సహకార గృహంలో. అక్కడ అందరూ అందర్నీ "నువ్వు" అనాలని సంఘం తీర్మానం చేసుకుంది. దాంతో స్నేహాలు పెరిగాయో లేదో తెలియదు గానీ, తగువులకు మాత్రం వెసులుబాటు బాగా కుదిరింది. ప్రతి నెలా మొదటి మంగళవారం సమావేశం. అక్కడ ఒట్మార్ లేచి నిలబడి ప్రకటించాడు.

"విమానం ఎక్కం. కారెక్కం. తొమ్మిది దేశాలు, ఐదు వారాలు. మేం వచ్చి వెళ్ళామని ఆ నేలకు కూడా తెలియకూడదు."

చప్పట్లు పడ్డాయి. రెండో అంతస్తు ఇర్మేలా డోల్డ్ మాత్రం చేతులు కట్టుకునే కూర్చుంది. ఆమె నాలుగేళ్ళ కిందట లిస్బన్ దాకా సైకిలు మీద వెళ్ళొచ్చింది. ఆ సైకిలుకు బ్యాటరీ ఉందా అని అడిగే ధైర్యం ఇప్పటిదాకా ఎవరికీ చాలలేదు.

"రైల్లో వెళ్తావు, బాగుంది. పడుకునేదెక్కడ?" అంది ఇర్మేలా.

"హోటల్లో."

"హోటలు దుప్పట్లు రోజూ ఉతుకుతారు. అది లెక్కలో వేశావా?"

ఒట్మార్ వేయలేదు. తన బతుకంతా ఎదుటివాడి డబ్బాలో తప్పు పట్టినవాడికి, నలుగురిలో తన డబ్బా మూత ఎవరో ఎత్తినట్టయింది. ఆ మర్నాటి నుంచి ఆయన ఒక పెద్ద పట్టిక మొదలుపెట్టాడు. ఎక్కే బండి పొగ, పడుకునే గది వేడి, దుప్పటి, తువ్వాలు, పొద్దున తినే గుడ్డు, అన్నిటికీ గడులు గీశాడు. గడులు పెరిగేకొద్దీ పటం మీద సూదులు తగ్గడం మొదలైంది.

ముందు ఏథెన్స్ పోయింది. అక్కడికి ఓడ తప్పదు, ఓడ పొగ ఒట్మార్ పట్టికలో పట్టలేదు. తర్వాత బార్సిలోనా.

"అక్కడ నీళ్ళకు కటకట. మనం వెళ్ళి స్నానం చేస్తే వాళ్ళ నోటిదగ్గర నీళ్ళు లాక్కున్నట్టే."

"స్నానం మానేద్దాం" అంది రోస్‌వీటా.

"ఐదు వారాలా?"

"నీ నేలకు తెలియకూడదన్నావుగా. ముక్కులకు తెలిస్తే ఏం?"

జనవరిలో వెనిస్ వంతొచ్చింది. జనం తాకిడికి ఊరే కుంగిపోతుంటే తమ ఇద్దరి బరువు కూడా మోపడం దేనికన్నాడు. "నీ బరువంటే ఒప్పుకుంటాను" అంది ఆమె. క్రాకో వెళ్ళే రైలు బొగ్గు కరెంటుతో నడుస్తుందని దాన్నీ పీకేశాడు. వియన్నా చాలాకాలం నిలబడింది. చివరికి, అంతెత్తు సంగీతశాలను వెచ్చబరచడానికి ఎంత ఖర్చవుతుందో ఊహించుకుని దానికీ దణ్ణం పెట్టాడు.

ఊళ్ళు పోతున్నాయి గానీ సరంజామా మాత్రం వచ్చిపడుతోంది. ఎండతో వండే పొయ్యి వచ్చింది. పాత సీసాలు కరగించి నేసిన సంచులు వచ్చాయి. పట్టీ భుజానికి ఒరుసుకుంటోందని ఒకటి తిప్పి పంపితే ఇంకోటి వచ్చింది, అదీ వెనక్కి పోయింది. పొట్లాల బండి వారానికి మూడుసార్లు గుమ్మం ముందు ఆగేది. ఆ బండి పొగకు పట్టికలో గడి లేదు. రోస్‌వీటా అది గమనించి ఇంకో కప్పు కాఫీ పోసుకుంది.

మే నెలలో ఒట్మార్ ఒక పరీక్షా యాత్ర పెట్టాడు. రైన్ నది దాటి ఫ్రాన్సులోని కోల్మార్ దాకా, సైకిళ్ళ మీద, రెండు పగళ్ళు ఒక రాత్రి. వెనక తగిలించిన లాగుడు బండిలో సొంత దుప్పట్లు, ఎండపొయ్యి, తొక్కలు దాచుకోవడానికి మూత గట్టిగా ఉన్న బకెట్టు. బ్రైజాక్ వంతెన దాటగానే వాన పట్టుకుంది. ఎండపొయ్యిలో పెట్టిన పప్పు నాలుగు గంటలకు గోరువెచ్చనైంది. దాన్ని ఒట్మార్ మొత్తం తిన్నాడు. రోస్‌వీటా నమలగలిగినంత తిని, మిగతాది బకెట్టులో వేసింది.

వాళ్ళు దిగిన చిన్న సత్రం యజమానురాలు మదాం ఎర్జామ్. ఆల్సేస్ యాసలో మాట్లాడుతుంది, జర్మన్లకు ఆ యాస బాగానే అర్థమవుతుంది. పొద్దున్నే ఆమె పెరట్లోకి వస్తే, నడుం దాకా చెత్తడబ్బాలోకి వంగి ఉన్న మనిషి కనిపించాడు.

"ఏం పోగొట్టుకున్నారండీ?"

"నావేం పోలేదు మదాం. మీ గాజు సీసాలకు మూతలున్నాయి."

"సీసా అన్నాక మూత ఉండదూ?"

"మూత విడిగా వేయాలి. ఇదిగో, ఈ వెన్న కాగితం కూడా ఇందులో వేయకూడదు."

ఆమె నడుం మీద చేతులు పెట్టుకుంది. "అయ్యా, తమరు ఊరు చూడ్డానికి వచ్చారా, నా ఎంగిలి చూడ్డానికి వచ్చారా?"

ఒట్మార్ ఈ ప్రశ్నను ఆహ్వానంగా తీసుకున్నాడు. మధ్యాహ్నం దాకా మూడు డబ్బాలూ బోర్లించి, ఏరి, కడిగి, ఆమెకు వివరించాడు. ఆమె సగం విని లోపలికి వెళ్ళి తలుపేసుకుంది. ఆ వేళకు రోస్‌వీటా ఒక్కతే మ్యూజియంలో పాత బలిపీఠం బొమ్మలు చూసి, కాలవ గట్టున కూర్చుని, ఉల్లిపాయలూ మీగడా వేసి కాల్చిన పల్చటి రొట్టె ఒకటి ఒంటరిగా తిని వచ్చింది. చాలా రోజుల తర్వాత ఆమె మొహంలో కళ కనిపించింది.

తిరుగుదారిలో లాగుడు బండి చక్రం విరిగింది. తెల్ల ఆస్పరాగస్ కాడలు తవ్వుకుని వస్తున్న రైతొకడు ట్రాక్టరు ఆపాడు.

"కిలోమీటరుకు ఎంత డీజిలు తాగుతుందండీ ఇది?" అని జేబులోంచి పుస్తకం తీశాడు ఒట్మార్.

"ఎక్కుతావా, రాస్తావా?" అన్నాడు రైతు.

ఎక్కారు. దారంతా రోస్‌వీటా ఆస్పరాగస్ గంపల మధ్య కూర్చుని కూనిరాగం తీసింది.

జూన్ నెల ఒకనాటి ఉదయం ఆయన ఇంట్లో కాగితాల బుట్ట సర్దుతున్నాడు. అందులో ఒక కవరు దొరికింది, చిరునామా కనపడేలా ప్లాస్టిక్ కిటికీ ఉన్నది. దాన్ని రెండు వేళ్ళతో పట్టుకుని వంటింట్లోకి వచ్చాడు.

"ఇదేంటి?"

"కవరు" అంది రోస్‌వీటా.

"కిటికీ చింపకుండా వేశావు."

"లోపలి కాగితం చదివావా?"

"ముందు కిటికీ సంగతి తేల్చు."

"చదువు ఒట్మార్."

చదివాడు. సెప్టెంబరులో, ఆమె పాడే చర్చి గాయకబృందం బస్సు యాత్ర, ఇటలీలోని గార్డా సరస్సుకు, ఐదు రాత్రులు. శ్రీమతి రోస్‌వీటా హెంగ్‌స్ట్లర్, ఒక సీటు.

ఆయన కుర్చీలో కూలబడ్డాడు. "డీజిలు బస్సు."

"అవును. యాభైమంది ముసలాళ్ళు, యాభై సాసేజీలు. నువ్వు రానక్కర్లేదు. నీ పటంలో ఇంకా మూడు సూదులున్నాయి, వాటి సంగతి చూసుకో."

"నాకు చెప్పకుండా?"

"చెప్తే గడిలో వేస్తావు. నాకు అరవై నాలుగేళ్ళు. వేసిన గడులు చాలు."

ఆమె గొంతు పెంచలేదు. పెంచి ఉంటే ఆయనకు తేలికయ్యేది. ఆ పగలంతా ఆయన బల్లముందు కూర్చున్నాడు. బస్సు ఎంత పాడు పనో అంకెల్లో చూపించి ఆమె మనసు మార్చాలని ఉద్దేశం. బస్సు పొగను యాభైమందికీ పంచాడు. ఐదు రాత్రుల గది, దుప్పట్లు కలిపాడు. పక్కన తన ఐదు వారాల రైలు ప్రణాళిక పెట్టాడు. బస్సు తక్కువ తేలింది. ఎక్కడో తప్పు జరిగిందని మళ్ళీ వేశాడు. యాభైమందిని నలభై చేశాడు, బస్సును పాతబడ్డ బస్సు చేశాడు. అయినా తక్కువే. చివరికి ఇంకో దారిలేక, ఎనిమిది నెలలుగా తన గుమ్మంలో ఆగిన పొట్లాల బండిని కూడా న్యాయంగా తన ఖాతాలోనే వేశాడు. అప్పుడు బస్సు మరీ మంచిదైపోయింది.

ఒట్మార్‌లో ఎన్ని లోపాలున్నా ఒక్కటి ఒప్పుకోవాలి, లెక్కను ఎన్నడూ మోసం చేయడు. సాయంత్రం రోస్‌వీటా దగ్గరికి వచ్చి నిలబడ్డాడు.

"ఆ బస్సులో ఇంకో సీటు ఉంటుందా?"

"అడిగి చూడాలి" అంది ఆమె, ముందే అడిగి పెట్టుకున్నా.

మంగళవారం సమావేశంలో సంగతి చెప్పేసరికి ఇర్మేలా కళ్ళజోడు తీసి తుడుచుకుంది. "డీజిలు బస్సా? నువ్వా?"

ఒట్మార్ పట్టిక ముందు పెట్టాడు. అది చేతులు మారుతూ గదంతా తిరిగింది. దాంట్లో తప్పు వెతకడానికి ఆ సాయంత్రం మిగిలిన విషయాలన్నీ వాయిదా పడ్డాయి. తప్పు దొరకలేదు. ఇర్మేలా ఇంటికి తీసుకెళ్ళి మరోసారి చూస్తానని ఒక నకలు అడిగింది.

సెప్టెంబరులో బస్సు బయల్దేరింది. డ్రైవరు జ్వోంకో, జాగ్రెబ్ మనిషి, ముప్పై ఏళ్ళుగా ముసలాళ్ళను తిప్పి తిప్పి సహనం సంపాదించినవాడు. బాసెల్ దాటేలోపే ఒట్మార్ సీట్ల మధ్య తిరుగుతూ అరటితొక్కలు ఒక సంచిలో, కాగితాలు ఇంకో సంచిలో పోగుచేయసాగాడు. అద్దంలోంచి చూస్తున్న జ్వోంకో ఆయన్ని పిలిచాడు.

"హెంగ్‌స్ట్లర్ గారూ, మీరలా అటూ ఇటూ తిరిగితే నా గుండె ఆగుతోంది. కూర్చుని ఈ మైకులో చెప్పండి. ఎవరికి కావాలో వాళ్ళు వింటారు."

ఒట్మార్ మైకు పుచ్చుకుని ఆల్ప్స్ కొండల గోట్‌హార్డ్ సొరంగం దాకా రెండు గంటలు చెప్పాడు. సొరంగంలోకి వెళ్ళేసరికి నలభై రెండుమంది నిద్రపోయారు. మెలకువగా ఉన్నవాళ్ళలో ఇద్దరు పెరుగు డబ్బా మూత గురించి మంచి ప్రశ్నలే అడిగారు. సాయంత్రానికి బస్సు నేలమీద ఒక్క చిత్తుకాగితం కూడా లేదని జ్వోంకో చెప్పుకోదగ్గ మెప్పే ఇచ్చాడు.

సరస్సు పక్క ఊరు చేరారు. నీళ్ళు నీలంగా, కొండలు నిటారుగా, నిమ్మతోటలు ఎక్కడివక్కడే ఉన్నాయి. అందరూ ఫొటోలు తీసుకుంటుంటే ఒట్మార్ కూడా రెండు తీశాడు. మర్నాడు పొద్దున ఏడింటికి వీధిలోకి వెళ్ళి అక్కడే నిలబడిపోయాడు. ప్రతి గుమ్మం పక్కనా బుల్లి డబ్బాలు, ఐదు రంగులు, ప్రతిదానికి తాళం, ప్రతిదాని మీదా వారం రాసి ఉంది. గాజు డబ్బా సందులోంచి కనిపించిన సీసాలకు మూతల్లేవు. బుధవారం కాబట్టి గోధుమరంగువి మాత్రమే వీధి అంచుకొచ్చాయి. ఫ్రైబుర్గ్‌లో తాను ముప్పై ఒక్క ఏళ్ళు అంటించిన చీటీలతో ఇందులో సగం కూడా సాధించలేకపోయాడు.

చిన్న బండి తోసుకుంటూ లోరెడానా అనే పురపాలక కార్మికురాలు వచ్చింది. ఆయనకు ఇటాలియన్ రాదు, ఆమెకు జర్మన్ రాదు. ఆయన డబ్బా చూపించి గుండె మీద చెయ్యి పెట్టుకున్నాడు. ఆమె ఈ పెద్దాయనకు ఒంట్లో బాగాలేదేమోనని ముందు భయపడింది. తర్వాత సంగతి అర్థమై, ఒక డబ్బా తెరిచి టీ సంచి ఒకటి తీసి చూపించింది. దానికి పిన్ను లేదు. ఒట్మార్ కళ్ళు చెమర్చాయి. ఆమె వెంట ఊరంతా తిరిగాడు, ఆ రోజు పడవ షికారుకు అందలేదు.

"యూరప్ చూశావా?" అంది రోస్‌వీటా, పడవ దిగి ఎండకు ఎర్రబడ్డ ముక్కుతో.

"చూశాను. ఇంత బాగుంటుందనుకోలేదు."

ఆమె ఆయన్ని కాసేపు పరీక్షగా చూసి, నిమ్మ ఐస్‌క్రీము తన చేతిలోది సగం ఇచ్చింది. ఆదివారం గాయకబృందం చర్చిలో పాడుతున్నప్పుడు ఆయన చివరి వరసలో కూర్చుని మొదటినుంచీ చివరిదాకా విన్నాడు. భార్య గొంతు మిగతావాటి నుంచి విడిగా పట్టుకోగలనా అని ప్రయత్నించి, రెండో పాటలో పట్టుకున్నాడు.

మరుసటి వసంతంలో బస్సు ఇటలీలోనే త్రియస్తే రేవుకు వెళ్ళింది. జాబితాలో ఇర్మేలా డోల్డ్ పేరు కూడా ఉంది. కేవలం పట్టిక సరిచూడ్డానికే వస్తున్నానని అందరితో చెప్పింది, నిమ్మరసం కలిపిన మద్యం రెండు సీసాలు కూడా సరిచూసింది. బృందంలో మగగొంతులు చాలడం లేదని ఒట్మార్‌ను పాడమన్నారు గానీ ఒక్క సాధనతోనే ఆ ఆలోచన విరమించుకున్నారు. బదులుగా పెట్టెల బాధ్యత అప్పగించారు. దానికీ ఆయన ఒక కొత్త పద్ధతి కనిపెట్టాడు. దిగేటప్పుడు ఎవరి పెట్టె ఎక్కడుందో ఆయనకు తప్ప ఇంకెవరికీ తెలియలేదు. జ్వోంకో సిగరెట్టు వెలిగించుకుని బస్సుకు ఆనుకుని నిలబడ్డాడు. రోస్‌వీటా మాత్రం తన చిన్న సంచి ఒళ్ళోనే పెట్టుకుని వచ్చింది కాబట్టి, ఎవరికోసమూ ఆగకుండా సముద్రం వైపు నడిచి వెళ్ళిపోయింది.