లెక్కలోంచి తీసేసిన ఫోల్డర్

ఇన్నేళ్లుగా గుండెల మీద బరువులా మోస్తున్న మాట ఒకటి మీకు చెప్పాలి. మీరెవరో నాకు తెలియదు. అందుకే చెప్పగలుగుతున్నానేమో.

తెలంగాణ ఉద్యమం రోజులవి. దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక కోచింగ్ సెంటర్ పై అంతస్తులో మా చిన్న సాఫ్ట్‌వేర్ కంపెనీ ఉండేది. రోగి వివరాలు కొడితే మందు ఎంత ఇవ్వాలో చూపించే ప్రోగ్రామ్ ఒకటి ఆసుపత్రులకు తయారుచేసేవాళ్లం. డోసు లెక్కల కోడ్ నాది. అంతా సరిచూసి సంతకం పెట్టి పంపే టెస్టర్ స్వరూప. నల్గొండ పల్లె నుంచి వచ్చి ఎల్బీ నగర్‌లో కిరాయి గదిలో ఉండేది. నన్ను అక్కా అనేది.

కోడ్ మారినప్పుడల్లా మా సర్వర్ దానంతటదే పరీక్షలు నడిపేది. ఆ పరీక్షలు కోడ్‌లో ఎంత భాగాన్ని తాకాయో చూపే కవరేజ్ రిపోర్టు కూడా కావాలని ఆసుపత్రి వాళ్లు అడిగారు. ఆ పని నాకిచ్చారు. మొదటి రిపోర్టు తెరిచి చూశాను. నా డోసు లెక్కల ఫోల్డర్ మొత్తం ఎర్రగా, అంటే ఏ పరీక్షా తాకనట్టు, ఉంది. దానికి నేను ఒక్క పరీక్షా రాయలేదు.

మర్నాడే ఆసుపత్రి వాళ్లకు చూపించాలి. ఆ ఫోల్డర్‌ను లెక్కలోంచి తీసేయమని సర్వర్ సెట్టింగుల్లో ఒక లైన్ చేర్చాను. రిపోర్టు పచ్చబడింది. పరీక్షలు తర్వాత రాద్దామనుకున్నాను. నిజంగా అనుకున్నానా? లేక ఇప్పుడు, నన్ను నేను కాస్త మంచిదానిగా చూసుకోవడానికి, అలా కల్పించుకుంటున్నానా?

స్వరూప ఒక్కతే కనిపెట్టింది. "అక్కా, డోసు లెక్కలు గీ రిపోర్టుల కనిపిస్తలేవేంది? చేత్తోని మల్ల చూడాల్నా?"

"అక్కర్లేదు, అన్నీ అందులో వచ్చేశాయి," అన్నాను.

నమ్మింది.

కిడ్నీలు సరిగా పనిచేయని పిల్లలకు డోసు తగ్గించాలి. నా కోడ్ తగ్గించలేదు. ఆ ఆసుపత్రిలో అలాంటి ఒక ఐదేళ్ల పాపకు రోజుల తరబడి ఎక్కువ మందు పడింది. పాప బతికింది. వినికిడి పోయింది. తల్లి వెనకనుంచి పిలిస్తే తిరిగి చూడటం లేదని విన్నాను.

కంపెనీలో దీనిమీద విచారణ పెట్టారు. ఆ రోజు పొద్దున్నే వెళ్లి, నేను దాచిన సంగతి బయటపడకుండా ఆ లైన్ తీసేశాను. రిపోర్టు మళ్లీ ఎర్రబడింది. మేనేజర్ దాన్ని స్వరూప ముందుకు తోశాడు. "ఇంత ఎర్రగా కనబడుతుంటే సంతకం ఎలా పెట్టావు? బందులంటూ పని ఎగ్గొట్టావు."

"బస్సుల్లేని దినాలు గూడ నడుసుకుంట ఒచ్చిన సార్. అక్కనడిగిన. అన్నీ ఒచ్చినయన్నది."

ఆమె నడిచి రావడం నిజం. ఆ రోజుల్లో వనస్థలిపురంలో, ఇంట్లో కూర్చున్నది నేను.

అందరూ నావైపు చూశారు.

"నాకలా గుర్తులేదండీ," అన్నాను.

నన్ను మందలించి వదిలేశారు. ఆమెను తీసేశారు. ఆ తర్వాత ఏ కంపెనీ ఆమెను టెస్టర్‌గా తీసుకోలేదు.

చాలా ఏళ్లకు కొత్తపేటలో ఒక బట్టల దుకాణంలో చీరలు మడతపెడుతూ కనిపించింది. కోప్పడలేదు. దగ్గరికొచ్చి మెల్లగా అడిగింది.

"నీకు నిజంగనే యాదికి లేకుండెనా అక్కా? లేకుంటే నేనే అడగలేదా? గిప్పటికీ సమజైతలేదు."

తన జ్ఞాపకాన్నే తను అనుమానించుకుంటూ బతుకుతోంది. అప్పుడైనా చెప్పొచ్చు. "ఏమో స్వరూపా," అని బయటికి వచ్చేశాను. మళ్లీ వెళ్లేసరికి ఆ దుకాణంలో మానేసిందన్నారు. ఎక్కడికి పోయిందో ఎవరికీ తెలియదు.

మీరు ఇది చదివినంత మాత్రాన ఆ పాపకు వినికిడి తిరిగి రాదు. నన్ను క్షమించమని మిమ్మల్ని అడగను. ఇక్కడైనా ఒక్కసారి నిజం చెబుతున్నాను, అంతే. స్వరూప నన్ను అడిగింది. నాకు గుర్తుంది.