తెల్లటి బీట్‌రూట్

పెళ్లయ్యాక వచ్చిన మొదటి కార్తీకంలో మా అత్తగారు పాతపట్నం ఇంటి పెరడు నాకు అప్పగించారు. మోకాళ్ల నొప్పులతో ఆవిడ అటు ఎక్కువగా వచ్చేవారు కాదు. ధనియాలు నలిపి చల్లమని, పాలకూర వేయమని, గోడ పక్కన బీట్‌రూట్ పెట్టమని చెప్పారు. ముల్లంగి వాసన ఆవిడకు గిట్టదు. మామగారికేమో ముల్లంగి పులుసంటే ప్రాణం. ఆయన నరసన్నపేటలో విత్తనాలు కొని, పొట్లం మీది బొమ్మ చింపేసి నా చేతిలో పెట్టారు.

"మీ అత్తకి సెప్పకమ్మా. బీట్‌రూటే అనుకుంటాది."

నేను నవ్వాపుకుని రెండు వరసలు వేశాను.

నెల దాటాక అత్తగారు పెరట్లోకి వచ్చి ఒక మొక్క పీకి చూశారు.

"ఏటే, బీట్‌రూట్ తెల్లగున్నాది?"

నేను నోరు తెరిచేలోగా మామగారు అందుకున్నారు. "మంచు ఎక్కువ కదే, రంగు దిగనేదు."

ఆవిడ దాన్ని ఫోటో తీసి, సాలూరులో ఉద్యోగం చేస్తున్న మా ఆయనకు వాట్సాప్‌లో పంపారు. "మనింట్లో ముల్లంగా అమ్మా?" అని వెంటనే జవాబు వచ్చింది.

మర్నాటి నుంచి ఆవిడ ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుని రోజూ ముల్లంగే వండారు. ఒకరోజు పులుసు, ఒకరోజు పప్పు, ఒకరోజు వేపుడు. నాకూ మామగారికీ పెరట్లోనే వడ్డించేవారు. ఐదో రోజున మామగారు మెల్లగా, "ఈ పూట పెరుగన్నం సాలే," అన్నారు.

"ఇంకా ఒక వరస ఉన్నాది. తినండి," అన్నారు అత్తగారు, ఇంకో గరిటె వేస్తూ.