ఎడమకాలు ముందు

రాయొద్దనే అనుకున్న. చదువు చెప్పిన పంతుళ్ల మీద రాసేటోళ్లు మస్తుమంది ఉన్నరు, నడక నేర్పినాయన గురించి ఎవరు చదువుతరని పెన్ను పక్కన పెట్టిన. మనసు ఊకోలేదు. మా పక్కింటి హవల్దార్ సాబ్ మొన్న శుక్రవారం పొద్దుగాల కాలం చేసిండ్రు.

ఫౌజుల కొత్తోళ్లకు డ్రిల్లు నేర్పి, రిటైరై మెదక్ వచ్చిన మనిషి. ఇల్లు కట్టేటప్పుడు గదుల కొలతలు గూడ అడుగులేసి చెప్పిండ్రు. మేస్త్రి టేపు తీసి చూస్తే బెత్తెడు తేడా రాలే. మేస్త్రికి కోపమొచ్చి రెండు రోజులు పనికి రాలే, అది వేరే కథ.

రెండేండ్ల కింద పక్షవాతమొచ్చి నా ఎడమకాలు పడిపోయింది. దవాఖాన నుంచి ఇంటికొచ్చిన నాడు గడప కాడ నా భార్య, "కుడికాలు పెట్టు, కుడికాలు" అంటున్నది. గోడ అవతలి నుంచి సాబ్ గొంతు: "ఎడమకాలే ముందు!"

"అన్నా, శుభమా అని ఇంటికొస్తుంటే ఎడమకాలేంది?" అన్నదామె.

"ఫౌజుల అంతే చెల్లె. కుడికాలు ఎట్లైనా వస్తది. రానిదాన్ని ముందు పిలువాలె."

తెల్లారి నుంచి మా వాకిట్ల పరేడ్. మొదలు 'కదమ్ తాల్', అంటే ఉన్నకాడనే అడుగులేసుడు. నెలరోజులు ఎక్కడికీ పోకుండ నడిచిన. "ఎప్పుడు కదుల్తం సాబ్?" అంటే, "నేల నిన్ను నమ్మినంక" అనేటోళ్లు. తర్వాత 'ధీరే చల్', అంటే మెల్లగ అడుగులేసుకుంట పోవుడు. ఫౌజోళ్లు తమల పోయినోళ్లను గా నడకతోనే సాగనంపుతరట. నాకది మస్తు నచ్చింది. చాయ్ హోటల్ దాక దర్జాగ గట్లనే పోయేటోన్ని.

ఆఖరికి 'తేజ్ చల్' అన్నరు. నిమిషానికి నూట ఇరవై అడుగులు.

"నన్నెవరు తరుముతున్నరు సాబ్?"

"జర నేర్చుకో. ఒకనాడు పనికొస్తది."

"మీరు పోయిన నాడు ధీరే చల్‌తోనే మీ వెనుక నడిచొస్త, పోండ్రి" అని మాటిచ్చిన. సాబ్ నవ్విండ్రు. గా తేజ్ చల్ హుకుం ఒక్కటి మాత్రం నేను వినలే.

గా శుక్రవారమే సాబ్ జనాజా, అదే పాడె, లేచింది. ఎడమకాలు ముందు పెట్టి, నా ధీరే చల్ మొదలువెట్టిన. పది అడుగులేసేసరికి అందరు ముందటికి పోయిండ్రు. సాబ్ కొడుకు వెనక్కొచ్చి, "చాచా, జనాజాను జల్ది తీస్కపోవాలె, మా రివాజు గంతే. మీరు ఆటోల రాండ్రి" అన్నడు.

డెబ్బై ఏండ్లు ఈ ఊర్లె ఎన్ని జనాజాలు చూసిన! అరుగు మీద నిలబడి చూసినోనికి నడక ఎట్ల తెలుస్తది? సాబ్ ఎందుకు నవ్విండ్రో, ఆర్నెల్లు తేజ్ చల్ అని ఎందుకు నా ప్రాణం తీసిండ్రో అప్పుడు సమజైంది.

"ఆటో వద్దు బేటా. మాటిచ్చిన" అన్న.

తేజ్ చల్ అని నాకు నేనే చెప్పుకున్న. కాలు సగం విన్నది, సగం వినలే. నడుమ ఎడమ చెప్పు ఊడితే చేతుల పట్టుకున్న. నేను కబ్రస్తాన్ చేరేసరికి జనం వాపస్ వస్తున్నరు. కొడుకొక్కడే నాకోసం నిలబడ్డడు.

మూడు పిడికిళ్ల మట్టి ఏసిన. ఇంటికి ఆటోల వచ్చిన.