మూడో అంతస్తు, లిఫ్టు లేదు

ఢిల్లీలో కేంద్ర ప్రభుత్వ ఉద్యోగికి మోక్షం రెండు రకాలు. ఒకటి రిటైర్మెంటు, రెండోది ఆఫీసుకు దగ్గరలో సర్కారీ క్వార్టరు. మొదటిది అడక్కపోయినా వస్తుంది. రెండోదాని కోసం నేను ఏళ్లకేళ్లు ఎదురుచూశాను. అన్నాళ్లూ ఇందిరాపురంలోని అద్దె ఫ్లాటు నుంచి ఈ-రిక్షాలో వైశాలి స్టేషనుకు, అక్కణ్ణుంచి మెట్రోలో, మధ్యలో ఒక రైలు మారి, మళ్లీ నడిచి ఆఫీసుకు చేరేదాన్ని. పొద్దున ఎవరిదో మోచెయ్యి నా డొక్కలో, సాయంత్రం నా మోచెయ్యి ఎవరి డొక్కలోనో. నా ఉద్యోగ జీవితంలో మంచి భాగం ఇలా నిలబడే గడిచింది. నిలబడితే ఒళ్లు తగ్గుతుందని ఎవరో అన్నారు గానీ నా విషయంలో అది రుజువు కాలేదు.

కిందటేడు దసరా వెళ్లాక క్వార్టరు వచ్చింది. మునిర్కా పక్కన పాత కాలనీ, ఆఫీసుకు బస్సులో పావుగంట. ఆ మెయిలు చూసి సంతోషంతో సీట్లోంచి లేచి నిలబడ్డాను. చివరి పంక్తి చదివి మళ్లీ కూర్చున్నాను. మూడో అంతస్తు. ఆ కాలనీ కట్టిన రోజుల్లో లిఫ్టు అనే ఆలోచన ప్రభుత్వానికి ఇంకా రాలేదు. వద్దంటే వరసలో వెనక్కి వెళ్లాలి, మళ్లీ నా వంతు వచ్చేసరికి రిటైరయ్యేలా ఉన్నాను. తీసుకుందామంటే నలభై తొమ్మిదేళ్ల వయసు, ఎనభై దాటిన బరువు, మెట్లు చూస్తేనే మూలిగే రెండు మోకాళ్లు. అరుగుదల ఇంకా మొదట్లోనే ఉందనీ, ఒళ్లు తగ్గించుకుంటే మోకాళ్లు మాట వింటాయనీ ఎముకల డాక్టరు అప్పటికే చెప్పి ఉన్నాడు.

మావారు బక్కపలచటి మనిషి. ఆయనదీ కేంద్ర ప్రభుత్వ ఉద్యోగమే, పక్క భవనంలో. పెళ్లినాటి ప్యాంటు ఇప్పటికీ నడుముకు సరిపోతుందని ఏడాదికోసారి దాన్ని తొడుక్కుని హాల్లో అటూ ఇటూ నడిచి చూపిస్తారు. ప్యాంటు రంగు వెలిసిపోయింది గానీ ఆ గర్వం వెలవలేదు. క్వార్టరు సంగతి చెప్పగానే పేపర్లోంచి తల ఎత్తకుండా, “వద్దని రాసెయ్. నువ్వు ఎక్కలేవు,” అన్నారు.

“తగ్గుతాను,” అన్నాను.

“నిన్ను తగ్గించడం కన్నా ఆ బిల్డింగుకి లిఫ్టు పెట్టించడం తేలిక. దానికైతే ఫైలన్నా కదులుతుంది.”

ఆ సాయంత్రమే క్వార్టరు తీసుకుంటానని జవాబు పంపేశాను. అమ్మాయి పన్నెండో తరగతి పరీక్షలయ్యాక మారదామని ఇంట్లో ప్రకటించాను. అంటే ఏప్రిల్ దాకా గడువు. పట్టుదల సడలకుండా ఉండాలంటే ఏం చెయ్యాలని ఇప్పుడు నన్ను అడిగేవాళ్లున్నారు. నా పట్టుదల మొగుడి మీద కోపంలోంచి వచ్చింది. దాంట్లో సుఖమేమిటంటే, అది రోజూ తాజాగా దొరుకుతుంది.

మా సొసైటీలో తెలుగు ఆడవాళ్లం కొందరం బరువు తగ్గడానికి అప్పటికే ఒక వాట్సాప్ గ్రూపు పెట్టుకుని ఉన్నాం. తెల్లవారగానే అందులో సూర్యోదయం బొమ్మలు వచ్చిపడేవి. లేవండి, నడవండి, గెలవండి అని వాటి కింద రాసి ఉండేది. పంపినావిడ మంచంలోంచే పంపేది. పది గంటలకి గోరువెచ్చటి నీళ్లలో నిమ్మరసం మహిమ. మధ్యాహ్నమయ్యేసరికి ఎవరో ఒకరు గుత్తివంకాయ కూర ఫోటో పెట్టేవారు, దాని కింద అందరం నోరూరుతున్న బొమ్మలు పెట్టేవాళ్లం. ఊరి నుంచి ఎవరి అత్తగారు రైలు దిగినా కాజాలూ పూతరేకులూ అందరి ఇళ్లకీ వచ్చేవి. తినకపోతే ఆవిడ నొచ్చుకుంటుందని తినేవాళ్లం. ఇంత సున్నితమైన మనసులున్న మనుషులు సన్నబడడం కష్టం.

మేమంతా చేసిన మొదటి ఘనకార్యం రాత్రిపూట అన్నం మానెయ్యడం. చపాతీ తింటే తగ్గుతామన్న నమ్మకం మనవాళ్లకి ఎలా కుదిరిందో తెలియదు. పుట్టినప్పటి నుంచీ చపాతీలే తింటున్న ఇరుగుపొరుగు మా కళ్లెదుటే లిఫ్టు నిండా నిలబడుతున్నా ఆ నమ్మకం చెక్కుచెదరలేదు. నేనూ నాలుగు చపాతీలు తిని, గ్రూపులో ‘రైస్ బంద్’ అని రాసి, చప్పట్లు అందుకున్నాను. నెల తిరిగేసరికి కిలో పెరిగాను.

ఇదేదో నా ఒంటి లోపమేమోనని మార్కెట్లో ఉన్న ఒక డైటీషియన్ దగ్గరికి వెళ్లాను. లక్నో అమ్మాయి, మా అమ్మాయి కన్నా ఆరేడేళ్లు పెద్దదేమో. అన్నం మానేశానని నేను తల ఎగరేసి చెప్పాను. ఆ పిల్ల అనుమానంగా చూసి, రాత్రి భోజనం మొదటి నుంచి చివరిదాకా చెప్పమంది.

“నాలుగు రోటీలు, కూర, పప్పు,” అన్నాను.

“ఫిర్?”

“ఫిర్ క్యా, పెరుగన్నం. దహీ చావల్.”

“మేమ్, వో భీ తో చావల్ హై.”

నాకు ఆ పిల్ల మీద జాలి వేసింది. పెరుగన్నం అన్నం ఎలా అవుతుంది? అన్నమంటే పప్పుతోనో కూరతోనో కలుపుకునేది. పెరుగన్నమంటే భోజనం అయిపోయిందని కడుపుకి చెప్పడం. అది తినకుండా కంచం ముందు నుంచి లేస్తే ఒంట్లో బాగాలేదా అని అడుగుతారు మా ఇళ్లల్లో. ఇదంతా నాకొచ్చిన హిందీలో ఓపిగ్గా వివరించాను. ఎంత తింటారని అడిగింది. కొంచెమే అని దోసిలి పట్టి చూపించాను. ఆ పిల్ల దోసిలి వంక చూసింది, నా వంక చూసింది, నవ్వలేదు. పెంపకం మంచిది.

ఇంటికొచ్చి ఆలోచిస్తే అసలు సంగతి బోధపడింది. మేం అన్నం మానడమంటే, అన్నం తినే ముందు నాలుగు చపాతీలు అదనంగా తినడం. వాకబు చేస్తే గ్రూపులో అందరిదీ ఇదే బాపతు. ఒక్కరూ అబద్ధమాడలేదు. ఎవరి లెక్కలోనూ పెరుగన్నం అన్నం కిందికి రాలేదు, అంతే.

ఆ వారం నుంచి పెరుగన్నం మానేశాను. మొదటి నాలుగు రోజులు భోజనం సగంలో ఎవరో లేపేసినట్టుండేది. వెలితిగా ఉండేది, కోపంగా ఉండేది, ఒకరోజు వంటింట్లో నిజంగానే కళ్లనీళ్లు పెట్టుకున్నాను. మావారు మాత్రం నా ఎదురుగా కూర్చుని, పెరుగన్నంలో మాగాయ టెంక నంజుకుంటూ, దాన్ని చీకే చప్పుడు పక్క ఫ్లాటుకి వినిపించేలా తినేవారు. అంతకుముందే వేపుడూ, అప్పడాలూ, నెయ్యీ అయ్యేవి. ఒంటికి పట్టని తిండి ఎంతైనా తినొచ్చని ఆయన సిద్ధాంతం. ఏటా ఆఫీసులో జరిగే ఆరోగ్య పరీక్షలకి నేను వెళ్లేదాన్ని, ఆయన వెళ్లేవారు కాదు. “నాకేమొచ్చింది? చూపించుకోవాల్సింది నువ్వు,” అనేవారు. ఛాతీలో మంటగా ఉంటే గ్యాసని ఒక మాత్ర వేసుకునేవారు. ఇంట్లో జబ్బంటూ ఉంటే అది నా ఒంట్లోనే ఉండాలని అందరి అభిప్రాయం, నాతో సహా.

ఆఫీసులో ఇంకో రకం పోరు. ప్రమోషన్ వస్తే సమోసా, బదిలీ అయితే సమోసా, మనిషి రిటైరైతే సమోసాతోబాటు గులాబ్ జామున్. వద్దంటే, “అరే మేడమ్, ఏక్ సే క్యా హోతా హై,” అని పళ్లెంలో పెట్టేసేవారు. ఒకదానితో ఏమవుతుందో చూపించడానికి నేనే వాళ్ల ఎదురుగా నిలబడి ఉన్నానని ఎవరికీ తట్టలేదు. ఆ సమోసాలు పక్క సీటు ఆయనకి ఇచ్చేదాన్ని. ఫిబ్రవరికల్లా ఆయన కొత్త బెల్టు కొనుక్కున్నాడు.

నవంబరులో ఊరంతా పొగ కమ్మేసింది. నడక మంచిదే గానీ బయట గాలి పీల్చొద్దన్నారు టీవీలో. అందుకని మా టవరు మెట్లే ఎక్కడం మొదలుపెట్టాను. మొదటి రోజు గార్డు పరుగెత్తుకొచ్చి, “మేడమ్‌జీ, లిఫ్ట్ చల్ రహీ హై,” అన్నాడు. లిఫ్టు పనిచేస్తోందని తెలుసన్నాను. మర్నాడూ అదే చెప్పాడు. ఆ తరవాత చెప్పడం మానేసి జాలిగా చూడడం మొదలుపెట్టాడు. మొదట్లో రెండో అంతస్తుకే గోడ పట్టుకునేదాన్ని. ఇక చాలు, ఆ క్వార్టరు ఎవరికో రాసిపెట్టి ఉంది అనిపించినప్పుడల్లా మావారి లిఫ్టు ఫైలు మాట గుర్తొచ్చేది, ఇంకో అంతస్తు ఎక్కేదాన్ని. ఫిబ్రవరి వెళ్లేసరికి ఎనిమిది కిలోలు తగ్గాను. ఇంకా లావుగానే ఉన్నాను, కానీ మోకాళ్లు మూలగడం మానేశాయి.

తగ్గితే ఎవరైనా మెచ్చుకుంటారనుకోవడం నా అమాయకత్వం. కాస్త తగ్గమ్మా అని ఏళ్ల తరబడి సలహా ఇచ్చిన ఆంటీలే పక్కకి పిలిచి, “షుగరా?” అని గుసగుసగా అడిగారు. ఒకావిడ ఇంకాస్త ముందుకెళ్లి, ఇంట్లో అంతా సవ్యంగానే ఉందా అంది. మావారు ఎగాదిగా చూసి, “మొహం పీక్కుపోయింది,” అన్నారు. మా అమ్మాయి ఒక్కతే, “మమ్మా, బహుత్ అచ్ఛీ లగ్ రహీ హో,” అంది. చాలా బాగున్నానట. దానికి ఆ వారం కొత్త ఫోను కావాల్సి ఉంది.

ఏప్రిల్లో మంచి రోజు చూసుకుని, పాలు పొంగించడానికి ముగ్గురం పొద్దున్నే కొత్త క్వార్టరుకి వెళ్లాం. దేవుడి పటం, పాలగిన్నె నా చేతుల్లో ఉన్నాయి, చిన్న స్టవ్వు ఆయన చేతుల్లో. అమ్మాయి టాక్సీలోంచి మిగతా సంచులు దింపుతోంది. నేను ముందు ఎక్కాను. ఎక్కడా ఆగలేదు. పాలు తొణక్కుండా మూడో అంతస్తు చేరి వెనక్కి తిరిగాను. ఆ క్షణం కోసం ఆరు నెలలుగా ఒక మాట సిద్ధం చేసి పెట్టుకున్నాను. లిఫ్టు ఫైలు ఎంతవరకు వచ్చిందండీ, అని.

వెనకాల ఎవరూ లేరు.

వంగి చూస్తే ఆయన రెండో అంతస్తు మలుపులో మెట్టు మీద కూర్చుని ఉన్నారు. స్టవ్వు పక్కన పెట్టి, ఎడమ చేతిని కుడి చేత్తో పట్టుకున్నారు. చొక్కా వీపుకి అతుక్కుపోయింది. చేతిలోవి గుమ్మం ముందు పెట్టేసి దిగి వెళ్లాను. “గ్యాసే. కాసేపు ఆగు,” అన్నారు. పెదాల్లో రంగు లేదు. నాకు ముందు కోపం వచ్చింది, ఆ వెంటనే భయం వేసింది. అంత భయం నాకు అంతకుముందెప్పుడూ వెయ్యలేదు. అమ్మాయీ నేనూ చెరో పక్కా పట్టుకుని దింపి, అదే టాక్సీలో ఆస్పత్రికి తీసుకెళ్లాం.

గుండె రక్తనాళాలు రెండు చోట్ల పూడుకుపోయాయన్నారు. స్టెంట్లు వేశారు. రిపోర్టులు చూసిన డాక్టరు, ఇన్నేళ్లలో ఎప్పుడూ పరీక్ష చేయించుకోలేదా అని అడిగాడు. సన్నగా ఉన్నారు కదండీ అనబోయి ఊరుకున్నాను.

రెండో రోజు గ్రూపు ఆడవాళ్లు చూడడానికొచ్చారు. ఆయన్ని పలకరించి నా వైపు తిరిగారు. “ఆయన మీద బెంగతో ఎంత చిక్కిపోయావమ్మా,” అని ఒకావిడ నా చెయ్యి పట్టుకుంది. ఒక్క పూట బెంగకి ఎనిమిది కిలోలు. నా ఆరు నెలల మెట్లూ మావారి గుండెపోటు ఖాతాలో పడిపోయాయి. నవ్వు వచ్చింది, అది మధ్యలో ఏడుపైపోయింది. ఆవిడ తను అన్నది నిజమేనన్నట్టు తల ఊపింది.

కొన్ని వారాలయ్యాక మెట్లు ఎక్కొచ్చన్నాడు డాక్టరు. ప్రతి అంతస్తులోనూ ఆగి, ఊపిరి కుదుటపడ్డాకే ముందుకెళ్లాలన్నాడు. కింది అంతస్తుకి మార్పించుకుందామని నేనన్నాను. మావారు ఒప్పుకోలేదు. దానికి వైద్య కారణం చూపించాలి, అంటే తన జబ్బు నలుగురికీ తెలియాలి. “ఆ కాలనీలో ఎవరికీ చెప్పకు,” అన్నారు. ఇన్నేళ్ల కాపురంలో ఆయన నన్ను బతిమాలుతున్నట్టు అడగడం అదే మొదటిసారి. సరేనన్నాను.

మే చివర్లో మారిపోయాం. సాయంత్రం ఆఫీసు నుంచి ఇద్దరం కలిసే వస్తాం. పాత బిల్డింగు, మెట్లన్నీ బయటికి కనిపిస్తాయి. కింది ఇంటావిడ హర్యానా మనిషి, మనసులో ఏదీ దాచుకోదు. ఎండ తగ్గాక గుమ్మం ముందు కుర్చీ వేసుకుని వచ్చేపోయేవాళ్లని చూస్తూ కూర్చుంటుంది. మొన్న మేం మొదటి అంతస్తులో ఆగగానే తల ఎత్తి, “భాభీజీ, థోడా వజన్ తో కమ్ కరో,” అంది. కాస్త బరువు తగ్గాలట, నావల్ల భాయీసాబ్ పాపం అంతస్తు అంతస్తుకీ ఆగాల్సి వస్తోందట.

పెరుగన్నం మానిన రాత్రులూ, ఎక్కిన మెట్లూ, ఆయన నన్నన్న మాటలూ అన్నీ కలిసి నోటిదాకా వచ్చాయి. పక్కకి చూశాను. మావారు రెయిలింగు పట్టుకుని నేలకేసి చూస్తున్నారు. నేనేమంటానోనని ఎదురుచూస్తున్నారు.

“కోషిష్ కర్ రహీ హూఁ, దీదీ,” అన్నాను, ప్రయత్నిస్తూనే ఉన్నానని.

ఆయన ఊపిరి కుదుటపడేదాకా, నొప్పి లేని మోకాలిని రెండు చేతులతో నొక్కుకుంటూ అక్కడే నిలబడ్డాను.