దుప్పటాయన ఆఖరి పేజీలు

చాలా ఏళ్లుగా ఒక బరువు మోస్తున్నాను. మోస్తున్నానంటే కుంగిపోయి, కన్నీళ్లు పెట్టుకుంటూ తిరిగాననుకునేరు. అదేం లేదు. వేళకు తిన్నాను, హాయిగా నిద్రపోయాను, నలుగురిలో గలగలా మాట్లాడుతూనే బతికాను. కానీ ఎవరైనా నన్ను మెచ్చుకున్నప్పుడల్లా లోపల ఒకటి కదిలేది. మా ఇంట్లో వాళ్లకు చెప్పలేదు. స్నేహితురాళ్లకు చెప్పలేదు. మీకు చెప్తున్నాను. మీరెవరో నాకు తెలీదు, నేనెవరో మీకు తెలీదు. అదే మంచిది.

ముందు నా గెలుపు చెప్పనివ్వండి. డాబు అనుకున్నా సరే. తప్పంతా ఆ గెలుపులోనే ఉంది, అది చెప్పకుండా ఇది చెప్పలేను.

చిత్తూరులో మా వీధి పిల్లలందరికీ నేనే కథలక్కను. డెబ్బైల చివర్లో మాట. ఇంట్లో టీవీ లేదు, సినిమాకు నాయన పండక్కో పబ్బానికో పంపిస్తే గొప్ప. తెలుగులో బొమ్మల కథలు నెలకోసారి వచ్చే పిల్లల పత్రికల్లో నాలుగు పేజీలుండేవి. చూడగానే అయిపోయేవి. కానీ బజారు వీధి మలుపులో అద్దె పుస్తకాల బంకు ఉండేది. దాంట్లో మద్రాసు నుంచి బస్సులో వచ్చిన అరవ బొమ్మల పుస్తకాలు తాడు మీద వేలాడేవి. పుస్తకం మొత్తం ఒకటే కథ! మాసిన కాగితం, నల్ల సిరా, అట్ట మాత్రం రంగుల్లో. ఆ అట్ట మీద మొహానికి ముసుగు, మెడకు పచ్చటి గుడ్డ కట్టుకుని ఆకాశంలో ఎగురుతూ ఒక మనిషి. మా అవ్వ చూసి, “వీడికి చలిజొరమా ఏమి, దుప్పటి కట్టుకోని తిరగతా ఉండాడు” అంది. అంతే, మా వీధిలో ఆయన పేరు దుప్పటాయన అయిపోయింది. ఆయన అసలు పేరు అట్ట మీద పెద్ద పెద్ద అక్షరాల్లోనే ఉండేది. నాకు అరవం చదవడం రాదు.

అదీ సంగతి. మాట్లాడటం వచ్చు, బ్రహ్మాండంగా వచ్చు. మా ఊళ్లో ఎవరికి రాదు? కూరగాయలామెతో అరవం, టైలరుతో అరవం, మా అమ్మ పుట్టింటి వాళ్లొస్తే ఇంట్లో సగం అరవం. కానీ అక్షరం ముక్క తెలీదు. మొదటిసారి పుస్తకం తెచ్చి మిద్దె మీద కూర్చుని బొమ్మలు చూస్తుంటే పిల్లలు చుట్టూ చేరి కథ చెప్పమన్నారు. బొమ్మల్ని బట్టి చెప్పుకుంటూ పోయాను. ఊరికే ఉండొచ్చు కదా, వరసల కింద వేలు పెట్టి కదిపాను. ఒక పిల్ల కళ్లు పెద్దవి చేసి, “అక్కా, నీకు అరవం సదవను వస్తాదా?” అంది. “రాకపోతే ఎట్ల చెప్తా ఉండాను?” అన్నాను. అందరూ నమ్మేశారు. నోటికి వచ్చిన భాష కంటికి రాకుండా ఉంటుందని మా వీధిలో పిల్లలకే కాదు, పెద్దవాళ్లకు కూడా తట్టలేదు.

నా కథలు బాగుండేవి. ఇది మాత్రం తగ్గించి చెప్పను. పుస్తకంలో దుప్పటాయన గోడ బద్దలు కొడితే, నేను ఆ గోడ వెనకాల ఎవరున్నారో, వాళ్లకు ఎన్నాళ్లుగా అన్నం లేదో కూడా చెప్పేదాన్ని. ఆయనకు బలం ఉంటే సరిపోదు, భయం కూడా ఉండాలని నా పట్టు. దేనికీ భయపడని వాణ్ణి చూస్తే నాకు విసుగు. అందుకని నా దుప్పటాయనకు కుక్కలంటే భయం పెట్టాను. పుస్తకంలో లేదు, నేనే పెట్టాను. పిల్లలు పడీ పడీ నవ్వేవాళ్లు. ఒక్క విషయంలో మాత్రం ఆయన మీద నాకు కోపం ఉండేది. ఊరిని కాపాడి మొహం దాచుకుని పోవడమేమిటి? నేనైతే ముసుగు తీసి, వీధి వీధీ తిరిగి చెప్పుకునేదాన్ని.

అప్పుడొచ్చాడు సెల్వం. మామిడి గుజ్జు ఫ్యాక్టరీలో వాళ్ల నాయనకు పని దొరికి తమిళనాడులోని గుడియాత్తం నుంచి కుటుంబమంతా మా వీధికి మారారు. నా ఈడువాడే. తెలుగు తడబడుతూ మాట్లాడేవాడు, అందుకని ఎక్కువ మాట్లాడేవాడు కాదు. మిద్దె మీద వెనకాల కూర్చుని వినేవాడు. వింటూ వింటూ ఒక సాయంత్రం లేచి నిలబడ్డాడు. నేను అప్పుడే కథ ముగించాను. ఆఖరి బొమ్మలో దుప్పటాయన ఒక ముసలాయన చేతులు పట్టుకుని ఉన్నాడు, కళ్లలో నీళ్లు. ఆ ముసలాయన చిన్నప్పుడు తప్పిపోయిన తండ్రి అని చెప్పాను. పిల్లల్లో ఇద్దరు ఏడుస్తున్నారు కూడా.

“అది నాయన లేదు” అన్నాడు సెల్వం. “అతనే దొంగ. విషం పెట్టింది అతనే. కింద రాసి ఉండాది.”

నేను నవ్వాను. నీకు సరిగ్గా చదవడం రాదేమోలే అన్నాను. అతను రోషపడలేదు. ఆ మనిషి స్వభావం అది, ఇప్పుడు తలుచుకుంటే తెలుస్తోంది. రేపు మా నాయన్ను పిలుచుకొస్తాను, ఆయన చదువుతాడు, అందరూ వినండి అన్నాడు. పిల్లలు సరేనంటే సరేనన్నారు. నా వైపు చూసిన వాళ్ల చూపుల్లో అనుమానం లేదు. నేనే గెలుస్తానని ధీమాగా ఉన్నారు. అదే నన్ను తినేసింది.

అసలు తప్పు ఇప్పుడు వస్తుంది. నెమ్మదిగా చెప్పనివ్వండి.

ఆ పూట పుస్తకం ఇంటికి తెచ్చి, ఆఖరి పేజీలు చింపాను. పిన్ను దగ్గర జాగ్రత్తగా పట్టుకుని చింపాను, మిగతావి ఊడకుండా. పొద్దున స్నానాల నీళ్లు కాగుతుంటే పొయ్యిలో వేశాను. అంతవరకే అయితే పిల్ల చేష్ట అనుకోవచ్చు, మీరూ అనుకోవచ్చు. కానీ నేను అక్కడ ఆగలేదు. పేజీలు లేని పుస్తకం నా చేతిలో ఉంటే అనుమానం నా మీదకే వస్తుందని నాకు తెలుసు. అంత చిన్న బుర్రకు అంత ఆలోచన ఎలా వచ్చింది? కథలు అల్లీ అల్లీ వచ్చిందా? ముందే ఉందా? నాకు ఇప్పటికీ తెలీదు.

సాయంత్రం పిల్లలందరూ చూస్తుండగా పుస్తకం సెల్వం చేతికిచ్చాను. నువ్వే తీసుకుపోయి మీ నాయనకు చూపించి పిలుచుకురా అన్నాను. అతని మొహం వెలిగిపోయింది. నేను పెద్దమనసు చూపించాననుకున్నాడు. పుస్తకం గుండెకు హత్తుకుని మెట్లు దిగి పరిగెత్తాడు.

వాళ్ల నాయన వచ్చాడు. ఫ్యాక్టరీ నుంచి అప్పుడే వచ్చినట్టున్నాడు, చొక్కాకు మామిడి వాసన. పిల్లల మధ్య కూర్చుని నవ్వుతూ పుస్తకం తెరిచాడు. చివరికి తిప్పాడు. మళ్లీ తిప్పాడు.

నేను లేచి నిలబడ్డాను. “నేను ఇచ్చినప్పుడు బాగుండాది. అందురూ సూసినారు గదా. అబద్ధం బయటపడతాదని సింపేసినావా సెల్వం?”

ఎంత బాగా అన్నానో! గొంతులో కోపం లేదు, బాధ ఉంది. నా కథల్లో దుప్పటాయన మోసపోయినప్పుడు మాట్లాడే గొంతు అది. పిల్లలంతా ఒక్కసారి గోల చేశారు. సెల్వం తల అడ్డంగా ఊపుతూనే ఉన్నాడు, తెలుగు రావడం లేదు, అరవమూ రావడం లేదు. కొత్త వీధిలో కొడుకు పరువు తీశాడని వాళ్ల నాయన చెంప మీద కొట్టాడు. చింపినావా, చింపినావా అని అడుగుతూ కొట్టాడు. చివరికి చింపినానన్నాడు సెల్వం.

చింపినానన్నాడు! అక్కడితో అయిపోయింది. పిల్లలు నన్ను చుట్టేసి ఎగిరారు. వాళ్ల నాయన కిందికి వెళ్లి మా నాయనకు చేతులు జోడించాడు. “మా పాప అబద్ధం సెప్పదప్పా, పోనీలే” అన్నాడు నాయన. ఆయన గొంతులో గర్వం విన్నాను. ఆ రోజు నాకు సిగ్గేయలేదు. భయమేయలేదు. ఒళ్లంతా గెలుపు. మిద్దె మీంచి చిత్తూరంతా నాదే అనిపించింది. ఇప్పుడు రాస్తున్నా ఆ పొంగు కొంచెం వస్తూనే ఉంది, ఏం చేయను? పశ్చాత్తాపం నటించడానికి కాదు కదా ఇంత దూరం వచ్చింది.

ఆ తర్వాత బంకులో సెల్వానికి పుస్తకం ఇవ్వలేదు. చింపే పిల్లాడికి ఇవ్వను అన్నాడు బంకాయన. బడిలో తెలుగు, వీధిలో తెలుగు. అతనికి కళ్లముందున్న అరవ అక్షరాలంటే ఆ తాడు మీద వేలాడే పుస్తకాలే. రోడ్డు అవతల నిలబడి అట్టలు చదువుకునేవాడు. నేను బంకు నుంచి పుస్తకం పట్టుకుని అతని ముందునుంచే నడిచి వచ్చేదాన్ని. చదవడం రానిదాన్ని.

కొన్నాళ్లకు వాళ్లు ఇల్లు మారారు. నా కథలు మాత్రం ఇంకా పెరిగాయి. కాదనేవాళ్లు లేరుగా.

ఎనభైల్లో తిరుపతిలో కాలేజీలో చేరాను. హాస్టలు పిల్లలం కలిసి ఒక ఆదివారం పొద్దుటాటకు ఇంగ్లీషు సినిమాకు వెళ్లాం. ఎగిరే మనిషి సినిమా. మన జానపద సినిమాల్లో రాకుమారుడు గాల్లో లేస్తే నడుముకు కట్టిన తీగ కనిపిస్తుంది, పొట్ట కిందకి వేలాడుతుంది, అయినా ఈలలు వేస్తాం. ఇందులో తీగ కనపడలేదు. హాలంతా నోరు తెరిచింది. నాకు మాత్రం ఏదో తక్కువైంది. బొమ్మల పుస్తకంలో ఒక బొమ్మకూ ఇంకో బొమ్మకూ మధ్య సందు ఉంటుంది చూడండి, అక్కడ నేను ఎగిరేదాన్ని. సినిమాలో ఆ సందు లేదు. ఇంటర్వెల్లో ఇదే విషయం స్నేహితురాళ్లకు చేతులు తిప్పుతూ చెప్తున్నాను. వెనకనుంచి ఎవరో నవ్వారు.

“దుప్పటాయన కతలక్కవు గదా నువ్వు?”

సెల్వం. ఎత్తు పెరిగాడు, సన్నటి మీసం. తెలుగు చక్కగా, మా చిత్తూరు తెలుగే మాట్లాడుతున్నాడు. పాలిటెక్నిక్‌లో చదువుతున్నానన్నాడు. నా స్నేహితురాళ్లకు నా గొప్ప చెప్పాడు. ఈమె కథ చెప్తే సినిమా దండగ అన్నాడు. నేను పొంగిపోయాను, అప్పుడు కూడా! తర్వాత అతను కొంచెం గొంతు తగ్గించాడు.

“ఆ పొద్దు పుస్తకం సింపినందుకు నీకు ఎప్పుడైనా సెప్పాలనుకున్నా. తప్పయిపోయింది.”

“నువ్వు...” అన్నాను. అతను ఆపలేదు.

“నాకు గుర్తు లేదు, నిజంగా. సింపినట్టు గుర్తే లేదు. కానీ నాయన అడిగితే సింపినానని నేనే సెప్పినా గదా. సెప్పినాక సెప్పినాక, సింపే ఉంటాననిపించింది. రోషంలో ఏమి సేస్తామో మనకే తెలీదు గదా.”

ఇంటర్వెల్ అయిపోయిందని బెల్లు మోగింది. జనం లోపలికి తోసుకుంటున్నారు. ఒక్క మాట చెప్పడానికి టైముంది. రెండు మాటలకు కూడా ఉంది. నా నోరు ఎప్పుడూ నన్ను మోసం చేయలేదు. ఆ రోజు కూడా చేయలేదు.

“పోనీలే సెల్వం, సిన్నతనం గదా. నేను యాపొద్దో మరిసిపోయినా” అన్నాను.

అతని మొహం ఎంత తేలికపడిందో! థాంక్స్ అన్నాడు. నిజంగానే అన్నాడు. నేను లోపలికెళ్లి మిగతా సినిమా చూశాను. ఏం చూశానో అడగకండి.

పేజీలు చింపడం పిల్లతనం. ఒప్పుకుంటాను. నింద వేయడం పాపం. అదీ ఒప్పుకుంటాను. కానీ చిన్నప్పుడు నేను పుస్తకంలోంచే పేజీలు చింపాను, సెల్వాన్ని మాత్రం తనే దొంగ అని తను నమ్మేదాకా తీసుకొచ్చాను. ఆ తర్వాత నేను చేసిన తప్పుకు అతణ్ణి క్షమించాను, దర్జాగా, హాలు వరండాలో నలుగురి ముందు. నేను మోసింది ఈ క్షమించడాన్ని. కథలో ఇంత పెద్ద మలుపు నేను ఎప్పుడూ అల్లలేదు. అల్లినా పిల్లలు నమ్మేవాళ్లు కాదు.

సెల్వం ఇప్పుడు ఎక్కడున్నాడో తెలీదు. వెతికానా? లేదు. వెతుకుతానా? మాట ఇవ్వను, నా మాటకు ఎంత విలువుందో మీకు తెలిసింది కదా. ఇది చదివి మీరు పరవాలేదు అనొద్దు. ఆ మాట ఎంత తేలిగ్గా అనొచ్చో నాకు బాగా తెలుసు.

నాకు కావలసింది వేరే. ఇదిగో రాస్తున్నాను, నవ్వొస్తోంది కూడా, ఇన్నేళ్లకు: నాకు అరవం చదవడం రాదు. ఆ ముసలాయన తండ్రి కాదు, దొంగ. సెల్వం చదివిందే నిజం. సెల్వం పుస్తకం చింపలేదు, నేను చింపాను. తిరుపతిలో నేను అతన్ని క్షమించాను కదా, దాన్ని వెనక్కి తీసుకుంటున్నాను.