కళ్ళు మూసుకుని చెప్పిన చాడీ

మొన్న శనివారం కాశీబుగ్గలో మా వీధి స్త్రీల ప్రార్థన కూటంలో ఒక కొత్త కోడలు మైకు పట్టుకుని, కన్నీళ్ళు కారుస్తూ, తన తోడికోడలి సంసారం చక్కబెట్టమని ప్రభువును వేడుకుంది. వేడుకుంటూనే ఆ తోడికోడలి తప్పులన్నీ ఒక్కొక్కటిగా ఆయనకు విన్నవించింది. అందరూ ఆమేన్ అన్నారు, నేను తప్ప. ఆ పిల్లను ఏమని మందలించను? ఆ విద్యలో నేను ఆమెకు పాఠం చెప్పగలదాన్ని.

పందొమ్మిది వందల యాభైల్లో టెక్కలిలో క్రైస్తవ ఆడపిల్లల బోర్డింగులో చదివినవాళ్ళకు పొద్దుటి చోడి అంబలీ, అంటే రాగి జావ, సాయంత్రం చాపల మీద మోకాళ్ళ ప్రార్థనా గుర్తుండే ఉంటాయి. నేనూ మా చిన్నాన్న కూతురూ అక్కడ ఒకే తరగతి. నాకన్నా ఏడాది చిన్నది, నేను ఒకసారి పరీక్ష తప్పాను కనుక నన్ను అందుకుంది, అందుకుని దాటిపోయింది. చిన్నాన్న ఉద్దానం తోటలకవతల, సముద్రపు ఒడ్డున జాలరుల పల్లెలో బడిపంతులు, ఆ ఊరంతటికీ వాళ్ళదొక్కటే క్రైస్తవుల ఇల్లు. చెల్లెలు పాడితే బోర్డింగు నడిపే దొరసాని కళ్ళద్దాలు తీసి తుడుచుకునేది, నేను పాడితే కిటికీలోంచి బయటికి చూసేది. చెల్లెలి మీద నేను కళ్ళలో నిప్పులు పోసుకున్నానంటే, ఆ నిప్పులతో నా నిద్ర కాలింది గాని దానికి సెగ కూడా తగల్లేదు, అక్కను పిలిచే మా వైపు పిలుపుతో అప్పా అప్పా అంటూ నా వెనకే తిరిగేది.

పంతులమ్మ శిక్షణకు బోర్డింగు తరఫున ఏడాదికి ఒక్కరినే పంపేవారు. ఆ ఏడు చెల్లెలే వెళుతుందని వంటమనిషికి కూడా తెలుసు. నాకు తండ్రి లేడు, అమ్మ పలాసలో ఒకరింట అంట్లు తోముతోంది, ఆ సీటు రాకపోతే రెండో జత చేతులుగా నేనూ ఆ ఇంటికే పోవాలి. అందరిలాగే నేనూ ప్రార్థించాను, కానీ సీటు నాకు ఇమ్మని అడిగిన దానికంటే దానికి ఇవ్వొద్దని అడిగిందే ఎక్కువ. చర్చిలో పాస్టరు అయ్యగారు ప్రతి ఆదివారమూ మనసుకు కాపలా పెట్టుకోమనేవారు, దొంగ లోపలికి వచ్చాక తలుపు గడియ వేస్తే భద్రం దొంగకేనమ్మా అనేవారు. నేను బుద్ధిగా తల ఊపేదాన్ని.

వేసవిలో పిన్నికి జ్వరం ముదిరి మాట పడిపోయిందని చెల్లెలు ఇంటికి వెళ్ళింది. తిరిగొచ్చిన సాయంత్రం నన్ను నూతి దగ్గరికి తీసుకెళ్ళి చెప్పింది. "ఎవలికీ సెప్పకప్పా. అమ్మ కళ్ళు తెరవట్లేదని గంగమ్మకి కొబ్బరికాయ కొట్టీసినాను. ఇరుగోళ్ళు కొట్టమన్నారు. నాకేటి సెయ్యాలో తెల్నేదు." చెప్పి నా భుజం మీద తల పెట్టి ఏడ్చింది. దొంగ చేతికే తాళాలు ఇచ్చింది పిచ్చిది.

నేను ఎవరికీ చెప్పలేదు. చాడీలు చెప్పే అలవాటు నాకు లేదని నా గట్టి నమ్మకం. మూడోనాడు సాయంత్రం ప్రార్థనలో, దొరసానీ అయ్యగారూ ఉండగా, మోకాళ్ళ మీద నిలబడి, మా చెల్లెలు అమ్మోరికి కాయ కొట్టిన పాపాన్ని క్షమించు ప్రభువా అని, పేరు పెట్టి, కన్నీళ్ళు కారుస్తూ ప్రార్థించాను. ఆ కన్నీళ్ళు నిజమైనవే, అదే నాకు ఇప్పటికీ భయం. నేను ఆమేన్ అన్నాను, తిరిగి ఒక్కరూ అనలేదు.

వారం తిరక్కుండా దాన్ని ఇంటికి పంపేశారు. సీటు నాకు వచ్చింది. పని అయిపోయింది కదా, ఇక అసూయ పోతుందనుకున్నాను. పోయింది కూడా, పోతూ పోతూ తన చోట ఒక చేదును కాపురం పెట్టి మరీ పోయింది. చెల్లెలు తిట్టిపోయి ఉంటే బాగుండేది, ఏమీ అనకుండా వెళ్ళినందుకు దాని మీదే మళ్ళీ కోపం వచ్చేది. ప్రభు బల్ల దగ్గర, పాపం దాచుకుని తినకూడని ఆ రొట్టె నా ముందుకు వచ్చిన ఆదివారం చెయ్యి చాపలేకపోయాను. అయ్యగారి దగ్గరికి పరుగెత్తి అంతా కక్కేశాను. ఆయన, నా దగ్గర ఏడిస్తే ఏం లాభం, దాని దగ్గరికి పో అన్నారు.

రైలు దిగి పలాస నుంచి తూర్పుకి, జీడితోటల గుండా ఇసుకలో కాళ్ళు ఈడ్చుకుంటూ పూటంతా నడిచాను. నేను చేరేసరికి పిన్ని పోయి పదిరోజులైంది. చెల్లెలు వాకిట్లో కూర్చుని నానిన కొబ్బరిపీచుతో తాడు పేనుతోంది. కాళ్ళ మీద పడ్డాను. కాళ్ళు వెనక్కి లాక్కోలేదు, నన్ను లేవనెత్తనూ లేదు.

"నువ్వు దేవుడితో సెప్పినావా అప్పా, దొరసానితో సెప్పినావా?" అంది.

దేవుడితోనే అనబోయాను. నోరు రాలేదు. అది లోపలికి వెళ్ళి చెంబుతో నీళ్ళు తెచ్చి నా ముందు పెట్టి, మళ్ళీ తాడు అందుకుంది. మన్నించాను అనలేదు, మన్నించను అని కూడా అనలేదు. ఆ ఏడే పెళ్ళయి భర్తతో అండమాను ఓడ ఎక్కిందని విన్నాను. రాసిన ఉత్తరాలకు జవాబు రాలేదు, చేరాయో లేదో తెలియదు. నేను మాత్రం ముప్ఫై నాలుగేళ్ళు పంతులమ్మగా ఉన్నాను, మంచి పంతులమ్మనే అన్నారు. అన్నప్పుడల్లా ఆ కుర్చీ ఎవరిదో నాకు తెలుసు.

కిందటేడు, చెల్లెలు తిరిగొచ్చిందేమోనని నేను పోరితే, మా అమ్మాయి ఆటోలో ఆ పల్లెకు తీసుకెళ్ళింది. పలాస నుంచి గంట కూడా పట్టలేదు. దారిలో, అడగవలసిన క్షమాపణ మాటలు నాలో నేను అనుకుంటూనే ఉన్నాను, ఆనాడు రాని నోరు ఈ వయసులో బాగానే వచ్చింది. ఆనాడు కాళ్ళు కూరుకుపోయే ఇసుకే గాని, చివర మనిషి ఉంది. ఇప్పుడు చిన్నాన్న ఇంటి గుమ్మం దాకా సిమెంటు రోడ్డు వేశారు, ఆ ఇంట్లో ఇప్పుడుంటున్న కొత్తవాళ్ళు మర్యాదగా కుర్చీ వేసి, ఎవరి కోసం వచ్చారండీ అని అడిగారు.