కత్తిరించిన కార్డు మూతపడలేదు

ప్రభువునందు ప్రియమైన సహోదరులారా, సహోదరీలారా, నా పేరు సరోజ. మాది సంతోష్‌నగర్. మలక్‌పేటలో ఒక ప్రభుత్వ కార్యాలయంలో అటెండరుగా పని చేస్తున్నాను. మూడేళ్ళ క్రితం ఇదే మైకు ముందు నిలబడి నేనొక సాక్ష్యం చెప్పాను, మీరంతా చప్పట్లు కొట్టారు, కొందరు కళ్ళు తుడుచుకున్నారు కూడా. ఆ సాక్ష్యంలో ఒక తప్పుంది. దాన్ని సరిదిద్దుకోవాలని పాస్టరు గారిని ఐదు నిమిషాలు అడిగితే "నీకు ఐదు నిమిషాలు సరిపోతయా అమ్మా?" అని నవ్వి పది ఇచ్చారు. నాకు నోరెక్కువని ఈ మందిరంలో తెలియనిదెవరికి!

కొత్తగా వచ్చినవారి కోసం ముందు ఆ చీకటి రోజుల సంగతి చెబుతాను. నాకు తాగుడు లేదు, జూదం లేదు, ఒంట్లో రోగం లేదు. నా జబ్బల్లా గొప్పలు పోవడం. మా ఆఫీసుకు ఒక బ్యాంకువాళ్ళు వచ్చి ఫారాలు నింపించుకుని క్రెడిట్ కార్డు ఇచ్చారు, ఇక చూడండి, ఎవరికి మిక్సీ కావాలన్నా, ఎవరి పిల్లకు ఫోన్ కావాలన్నా "సరోజక్కా, నీ కార్డు గీకు, నెలనెలా ఇస్తం" అనేవాళ్ళు, నేను గీకేదాన్ని. కొందరు ఇచ్చారు, కొందరు ఎగ్గొట్టారు. పెద్దమనిషి అనిపించుకున్నాక అడగడానికి నాకే సిగ్గు. తరువాత ఆ బ్యాంకువాళ్ళే ఫోన్ చేసి "మీ కార్డును గోల్డు చేస్తాం మేడమ్" అన్నారు, గోల్డు అనగానే సరే అన్నాను, దాంతో ఏడాదికి కట్టే ఫీజు పెరిగింది. ఆ పైన ఇంకో బ్యాంకు అమ్మాయి తియ్యతియ్యగా మాట్లాడి రెండో కార్డు అంటగట్టింది. అది ఉంటే ఎయిర్‌పోర్టులో మెత్తటి కుర్చీల్లో కూర్చుని ఉచితంగా భోజనం చేయొచ్చట! సహోదరులారా, నేను ఈ రోజు వరకు విమానం ఎక్కలేదు. నా ప్రయాణమంతా సంతోష్‌నగర్ నుంచి మలక్‌పేట దాకా సిటీ బస్సులోనే. ఆ కుర్చీల కోసం ఏడాదికి మా ఇంటి అద్దెలో సగమంత ఫీజు కట్టాను.

బిల్లులో ఒక మూల "కనీసం ఇంత కట్టండి" అని చిన్న అంకె ఉంటుంది, నేను అదొక్కటే చదివేదాన్ని, అదొక్కటే కట్టేదాన్ని, అసలు బాకీ మాత్రం వడ్డీ మీద వడ్డీ వేసుకుని పెరుగుతూనే ఉంది. చివరికి ఆ కనీసం కూడా కట్టలేని నెల వచ్చింది. వసూలు చేసేవాళ్ళు నాకు ఫోన్ చేస్తే నేను వాళ్ళను తిట్టి పెట్టేసేదాన్ని, అందుకని మా సూపరింటెండెంటు గారికే ఫోన్ చేశారు. ఆ రోజు ఆఫీసు మెట్ల కింద కూర్చుని కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చాను. "తండ్రీ, నన్ను ఈ గుంతల నుంచి ఎల్లదీయి. నా చేతుల లేని పైస ఇగ ఖర్చు పెట్టను. నోటితోటి చెప్తున్న, నువ్వు ఇను" అని ప్రార్థన చేశాను.

ఆయన విన్నాడు, దేవునికే మహిమ! ఆకాశంలోంచి డబ్బు ఊడిపడలేదు గానీ సెలవు రోజుల్లో ఫంక్షన్లకు వంట చేసే పని దొరికింది, మా ఆయన ప్రసాద్ ప్లంబింగ్ పనికి ఆదివారం సాయంత్రాలు కూడా వెళ్ళాడు, రెండేళ్ళు కొత్త చీర ముట్టుకోకుండా ఆఖరి పైస వరకు కట్టేశాను. అంతవరకు నా సాక్ష్యం నిజమే, అందులో అబద్ధం లేదు.

తప్పు తరువాత జరిగింది. బాకీ తీరిన ఆ వారమే పాస్టరు గారు, మిమ్మల్ని కట్టి పడేసినదాన్ని ఈ రోజే వదిలేయండి అని వాక్యం చెప్పారు. ఒక సహోదరుడు ముందుకు వచ్చి గుట్కా ప్యాకెట్లు కింద పెట్టాడు. నాలో ఒక ఊపు వచ్చింది! సండేస్కూల్ టీచరు దగ్గర కత్తెర అడిగి తీసుకుని ఈ మెట్లెక్కి రెండు కార్డులనూ ఒక్కొక్కటి నాలుగు ముక్కలు చేశాను. హల్లెలూయా అని మందిరం దద్దరిల్లిపోయింది, మీకు గుర్తుండే ఉంటుంది. ఆ పాత ఫోన్ కాల్స్ అంటే ఎంత విసుగంటే మర్నాడే నంబరు కూడా మార్చేశాను. ఇక బ్యాంకుకూ నాకూ సంబంధం తెగిపోయిందనుకున్నాను.

నిరుడు మా అమ్మాయి షారోనుకు నర్సింగ్ సీటు వచ్చింది. మా రెండు కుటుంబాల్లో ఇంటర్ దాటిన ఆడపిల్ల లేదు. చదువు అప్పు కోసం దాన్ని వెంటబెట్టుకుని నా జీతం పడే బ్యాంకుకు వెళ్ళాను. అక్కడి ఆఫీసరమ్మ కంప్యూటర్‌లో చూసి "మేడమ్, మీ క్రెడిట్ స్కోరు చాలా తక్కువుంది. రెండు కార్డులు బాకీ చూపిస్తున్నయ్, రెండేండ్ల నుంచి కట్టలేదు" అంది.

నాకు ఒళ్ళు మండిపోయింది. "ఏందమ్మా నువ్వు చెప్పేది? ఆ కార్డులు లేనే లేవు! మా చర్చిల కత్తెరతోటి కోసేసిన! రెండు నూర్ల మంది చూసిన్రు, గావాలంటే అడుగు!" అని కౌంటరు మీద కొట్టి చెప్పాను. బ్యాంకంతా నా వైపే చూస్తోంది. షారోను నా కొంగు పట్టుకుని "అమ్మా, లొల్లి చెయ్యకే, పోదాం పా" అని బయటకు లాక్కొచ్చింది. ఆటోలో అది బయటి వైపు తిరిగి ఏడుస్తూనే ఉంది.

మా ఇంటి ఓనరు మొయిన్ సాబ్ బ్యాంకులో క్యాషియరుగా చేసి రిటైరైన మనిషి, కింది వాటాలోనే ఉంటారు. నా మొహం చూసి పిలిచి విషయం అడిగారు, అంతా చెప్పాను. ఆయన నవ్వలేదు, కానీ నవ్వు ఆపుకోవడం నాకు కనిపించింది. "అరె బేటీ, కత్తెరతోటి ప్లాస్టిక్ తెగుతది, ఖాతా ఎట్ల తెగుతది? బంద్ చెయ్యుమని వాళ్ళకు చెప్పాలె, బంద్ చేసినమని కాయితం తీసుకోవాలె. ఉందా కాయితం నీ తాన?" అన్నారు. కాగితం ఎక్కడిది! నేను కత్తిరించి చెత్తబుట్టలో వేశాను, అక్కడ మాత్రం ఏటా ఫీజు పడుతూనే ఉంది, కట్టలేదని ఆలస్యపు రుసుము పడింది, దాని మీద వడ్డీ పడింది. సందేశాలన్నీ నేను పారేసిన పాత నంబరుకు వెళ్ళాయి.

ఆ రోజు వంట చేయలేదు. దేవునితో జగడానికి దిగాను, ఉన్నది ఉన్నట్టు చెబుతున్నాను. "ఏందయ్యా, ఇచ్చినట్టే ఇచ్చి గుంజుకుంటవా? అందరి ముందర నీ పేరు చెప్పిన గదా, నన్ను ఇట్ల నవ్వులపాలు చేస్తివి! నా సంగతి ఇడిసిపెట్టు, పిల్ల ఏం పాపం చేసింది?" అన్నాను. జవాబు రాలేదు. ప్రసాద్ వచ్చి నా పక్కన కూర్చుని "బండి అమ్ముతనే. బండి మళ్ల కొనుక్కోవచ్చు, సీటు మళ్ల రాదు" అన్నాడు. నాకదే జవాబులా అనిపించింది. బండి అమ్మి మొదటి ఏడాది ఫీజు కట్టాం, నా పీఎఫ్‌లోంచి అడ్వాన్సు తీసి రెండు కార్డుల బాకీ కట్టాను. రెండో ఏడాదికి మాత్రం అమ్మడానికి ఇంట్లో ఏమీ మిగల్లేదు. ఏడాదిలోగా నా స్కోరు బాగుపడి అప్పు రాకపోతే పిల్ల చదువు మానుకోవాల్సిందే.

ఇప్పుడు అసలు ప్రశ్న వచ్చింది. బాకీ లేని ఆ రెండు కార్డులను ఏం చేయాలి? రెండూ మూసేయమని ఉత్తరాలు రాసి సంచిలో పెట్టుకున్నాను. మొయిన్ సాబ్ ఆగమన్నారు. "జర ఇను. నీకు వేరే అప్పు లేదు, వేరే కార్డు లేదు. రెండూ మూసేస్తే నువ్వు నెలనెలా బరాబర్ కడుతున్నవని బ్యాంకోడు దేన్ల చూడాలె? ఎయిర్‌పోర్టుది నీకెందుకు, దాన్ని బంద్ చెయ్యి. మొదటిది తొమ్మిదేండ్లది, దాన్ని ఫీజు లేని కార్డుకు మార్చుమని అడుగు. మార్చనంటే అప్పుడు చూద్దాం" అన్నారు.

లెక్కకు అది సరిగ్గానే ఉంది. కానీ నేను మీ అందరి ముందు రెండూ తెంచేశానని చెప్పుకున్నదాన్ని! మన ప్రార్థన గుంపు పెద్ద విజయమ్మ అత్తను అడిగితే ఆమె కళ్ళు పెద్దవి చేసింది. "బైబిల్ల భార్యాభర్తలిద్దరు పొలం అమ్మి దేవుని ముందర పెడుతున్నమని కొంత దాపెట్టుకున్నరు, అక్కడికక్కడే పడి సచ్చిన్రు, ఎరికే గదా బిడ్డా? నువ్వు ఒక కార్డు దాపెట్టుకుంటనంటున్నవ్!" అంది. రెండు వారాలు అన్నం సయించలేదు. మూసేస్తే పిల్ల చదువు పోతుందేమో, ఉంచుకుంటే దేవునితో ఆడిన మాట తప్పినదాన్నవుతానేమో! అత్త ఇక్కడే కూర్చుని ఉంది, ఏమనుకోదు, ఆమె నా మేలు కోరే అలా అంది.

పాస్టరు గారి దగ్గరకు వెళ్ళాను. ఆయన గొప్ప మాట ఏదో చెబుతారనుకున్నాను. "నాకు కార్డుల సంగతి తెల్వదమ్మా, అది మీ ఓనరు సాబుకే ఎరక. నువ్వు దేవునికి ఏం మాటిచ్చినవో ఇంటికి పోయి యాద్ చేసుకో. ఇచ్చిన మాట నిలబెట్టుకో, ఇయ్యని మాట నెత్తికెత్తుకోకు" అన్నారు.

యాద్ చేసుకున్నాను. గిన్నెలు తోముతుంటే గుర్తొచ్చింది, చేతిలో లేని పైస ఖర్చు పెట్టను అన్నాను, అంతే అన్నాను. ఆ మాట ఈ రోజుకూ తప్పలేదు. కార్డులు కోస్తానని నేను దేవునికి ఎప్పుడూ చెప్పలేదు. ఆ కత్తెర మీ కోసం తెచ్చాను, సహోదరులారా! గుట్కా ప్యాకెట్లకు హల్లెలూయా అన్నారు కదా, నాకు అంతకన్నా పెద్ద హల్లెలూయా కావాలనిపించింది. కార్డు గీకి గొప్ప అనిపించుకున్న మనిషినే, కార్డు కోసి కూడా గొప్ప అనిపించుకున్నాను. సిగ్గుతో చచ్చిపోయాను. గిన్నెల దగ్గరే మోకరించి క్షమాపణ అడిగాను, నన్ను విడిచిపెట్టని అప్పు ఆ గొప్పల పిచ్చేనని ఆ రోజు తెలిసింది.

మర్నాడు ఎయిర్‌పోర్టు కార్డు వాళ్ళకు ఫోన్ చేశాను. "ఒక్క ఏడాది ఫీజు మాఫీ చేస్తాం మేడమ్, ఉంచుకోండి" అంది ఆ అమ్మాయి. "మరి పై ఏడాది?" అన్నాను. "అది అప్పుడు చూద్దాం మేడమ్." "నేను ఇప్పుడే చూసిన తల్లీ, బంద్ చెయ్యి" అన్నాను. మూసేసినట్టు, బాకీ లేనట్టు కాగితం చేతికి వచ్చేదాకా వాళ్ళను వదల్లేదు, నా నోరు ఆ ఒక్కదానికి పనికొచ్చింది. పాత కార్డువాళ్ళు మొదట కుదరదన్నారు, రెండోసారి అడిగితే ఫీజు లేనిదానికి మార్చారు, ఖర్చు పరిమితి కూడా నేనే తగ్గించమన్నాను. దాని మీద నెలకు ఒక్క కరెంటు బిల్లు కడతాను, జీతం పడిన రోజే పూర్తి మొత్తం తీర్చేస్తాను. ఇంకేదీ కొనను. ఆ డబ్బు ముందే నా ఖాతాలో ఉంటుంది, కాబట్టి నా మాట నిలబడే ఉంది.

ఒక నెలలో అద్భుతం జరగలేదు, రెండు నెలల్లో కూడా జరగలేదు. పదకొండో నెలలో అదే బ్యాంకుకు, అదే ఆఫీసరమ్మ దగ్గరకు వెళ్ళి ముందుగా ఆ రోజు అరిచినందుకు క్షమించమన్నాను. ఆమె కాగితాలన్నీ చూసి "ఈసారి అయితది మేడమ్, కూర్చోండి" అంది. కాలేజీ గడువుకు నాలుగు రోజుల ముందు అప్పు మంజూరైంది. షారోను ఇప్పుడు రెండో ఏడాది, పొద్దున్నే యూనిఫాం వేసుకుని వార్డు డ్యూటీకి వెళుతోంది. ఓపిక పట్టడం నేర్పిన నా దేవునికే మహిమ!

ఇంతటితో ఆపేసి కూర్చోవచ్చు. కానీ పోయిన బుధవారం ప్రార్థన అయ్యాక మన సుగుణ నా దగ్గరకు వచ్చింది. "నీ సాక్ష్యం ఇన్నంక నేను గూడ ఇంట్ల కార్డు కోసేసిన అక్కా, నీ లెక్కనే నాలుగు ముక్కలు" అంది సంతోషంగా. "బ్యాంకుకు చెప్పినవా?" అంటే "ఎందుకక్కా, కోసేసిన గదా!" అంది. మన మందిరంలో ఇంకో ముగ్గురు కూడా అలాగే చేశారని ఆమే చెప్పింది. నా గొప్ప కోసం నేను కోస్తే, నన్ను నమ్మి మీరు కోశారు. మిమ్మల్ని చేతులు జోడించి క్షమించమంటున్నాను.

దేవుడు విడుదల ఇస్తాడు, ఆయన్ని నమ్మండి, నన్ను గుంతలోంచి తీసినవాడు మిమ్మల్నీ తీస్తాడు. ఆయన ఇచ్చిన విడుదలకు మనం చేయాల్సిన పని ఉంటే అది కూడా చేద్దాం. సుగుణ సోమవారం నాతో బ్యాంకుకు వస్తోంది. ఆ ముగ్గురూ ఎవరో నాకు తెలియదు, చేతులెత్తమని అడగను, ఆ సిగ్గు ఎలాంటిదో నాకు తెలుసు. ఆ రోజుకు సెలవు పెట్టాను. పొద్దున పది గంటలకు సంతోష్‌నగర్ బస్టాపులో నిలబడి ఉంటాను, పదకొండు వరకు అక్కడే ఉంటాను. మీరు వచ్చి నా పక్కన నిలబడితే చాలు, ఎందుకొచ్చారని అడగను.